జమ్మి నీడన తెల్ల జింక

శంషాబాద్‌లో దోహా విమానం ఎక్కేవాళ్లకు ఆ బొమ్మ బాగా తెలుసు. విమానం తోక మీద ముదురు ఎరుపు రంగులో, పొడుగాటి కొమ్ములతో ఒక జింక తల ఉంటుంది. మస్కట్‌లో డ్రైవరు పనికి కుదిరినవాళ్లకు దాని పేరు కూడా నోట్లో నానుతూనే ఉంటుంది. ‘అల్ మహా’ అని బోర్డున్న బంకులో ఆగి పెట్రోలు పోయించుకుంటారు కదా, అరబ్బీలో మహా అంటే ఆ జింకే. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ చేరిన మనవాళ్లు ఏళ్ల తరబడి ఈ బొమ్మను చూస్తూనే ఉంటారు. అసలు జంతువు మాత్రం 1972లో ఆ ఎడారుల్లో ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. చివరిదాకా వెంటాడి కాల్చేశారు, దొరికినవాటిని పట్టుకుపోయారు.

ఇంగ్లీషువాళ్లు దీన్ని అరేబియన్ ఒరిక్స్ అంటారు. భుజం దగ్గర మూడడుగుల పైచిలుకు ఎత్తు, సుమారు 70 కిలోల బరువు. ఒళ్లంతా తెలుపు, కాళ్లు మాత్రం ముదురు గోధుమ రంగు, మొహం మీద నల్లటి మచ్చలు. ఆడదానికీ మగదానికీ రెండింటికీ కత్తుల్లాంటి కొమ్ములుంటాయి, నిటారుగా రెండడుగులకు పైనే పెరుగుతాయి. పక్క నుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే కొమ్ములా కనిపిస్తాయి. ఒంటికొమ్ము గుర్రం కథ ఇక్కడి నుంచే పుట్టిందని చెప్పేవాళ్లున్నారు.

దాని చివరి ఇల్లు ఒమాన్ నడిబొడ్డున ఉన్న జిద్దత్ అల్ హరాసిస్. మస్కట్ నుంచి సలాలా వెళ్లే వెయ్యి కిలోమీటర్ల రోడ్డులో సగం దాటాక హైమా అనే చిన్న ఊరు వస్తుంది. దాని చుట్టూ, దాని అవతలా పరుచుకున్న బల్లపరుపు నేల అది. ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి గానీ ఇది గులకరాళ్ల మైదానం. వాన ఏడాదికి సగటున 50 మిల్లీమీటర్ల లోపే, కొన్నేళ్లు అసలు పడదు. వాగు లేదు, చెలమ లేదు. ఆ నేలను బతికించేది అరేబియా సముద్రం మీంచి రాత్రిపూట వచ్చే పొగమంచు. తెల్లారేసరికి గడ్డిపోచల మీద, ముళ్లపొదల ఆకుల మీద నీటిచుక్కలు నిలుస్తాయి. ఎండెక్కక ముందే ఒరిక్స్ ఆ తడి గడ్డి మేసేస్తుంది. నెలల తరబడి నీళ్లు తాగకుండా బతికే విద్య దానికి అలా అబ్బింది.

ఆ మైదానంలో అక్కడక్కడా కాస్త పల్లపు జాగాలుంటాయి. ఎప్పుడో పడిన వాన నీరు అక్కడికి చేరి నాలుగు చెట్లు లేస్తాయి. తుమ్మ జాతి చెట్లతో పాటు అక్కడ నిలిచే చెట్టు అరబ్బులు ‘గాఫ్’ అని పిలిచేది. మనకది పరాయి చెట్టు కాదు. దసరా నాడు పూజచేసి ఆకులు పంచుకునే జమ్మి అదే, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. ఎండ 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఒరిక్స్ ఆ నీడకు చేరి ముందు గిట్టలతో పైపొర ఇసుకను గోకేస్తుంది. కింద చల్లగా ఉన్న మట్టి తేలగానే గుంటలో పొట్ట ఆనించి పడుకుంటుంది. పొద్దు వాలేదాకా కదలదు.

పాతకాలం వేటగాడికి పనికొచ్చిందీ ఆ అలవాటే.

హరాసిస్ తెగవాళ్లు ఆ మైదానం మీద మేకలూ ఒంటెలూ మేపుకుంటూ బతికారు. మాట్లాడేది అరబ్బీ కంటే భిన్నమైన హర్సూసీ అనే పాత భాష. బావి లేని నేల కాబట్టి రోజుల తరబడి పాలే వాళ్ల దాహానికీ ఆకలికీ. అలాంటి చోట వేటకు బయల్దేరేవాడు తుపాకీ కంటే ముందు తోలుతిత్తిని చూసుకునేవాడు. ఎన్ని రోజుల నీళ్లున్నాయి, ఒంటె పాలిచ్చేదేనా, ఎటు వాన పడింది అన్న మూడు లెక్కలూ తేలితే గానీ అడుగు కదిపేవాడు కాదు. వేసవిలో వేట ఊసే లేదు. మనిషికీ ఒంటెకూ నీళ్లు చాలవు, అందరూ నీరున్న వైపుకు చేరిపోతారు. ఆ ఐదారు నెలలూ లోపలి ఎడారి ఒరిక్స్‌దే.

చలికాలంలో, ఎక్కడో వాన పడిందని మబ్బుల్ని బట్టి తెలిశాక, వేటగాడు అటు కదిలేవాడు. వాన పసిగట్టి ఒరిక్స్ కూడా అక్కడికే నడుస్తుందని వాడికి తెలుసు. గిట్టల జాడ కంటపడితే ఒంటె దిగి మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఒరిక్స్ గిట్ట వెడల్పుగా, గుండ్రంగా పడుతుంది, చిన్న జింకల గిట్టలా సన్నగా కోసుగా ఉండదు. అంచులు పదునుగా ఉంటే జాడ తాజాది, గాలికి అంచు రాలి లోపల ఇసుక చేరితే నిన్నటిది. మంచు పడక ముందు నడిచిందా, పడ్డాక నడిచిందా అన్నది పైపొర చెబుతుంది. జాడ పక్కన పేడ ఉంటే చేత్తో నలిపి తడి చూసేవాడు. అలా ఒక రోజు, రెండు రోజులు వెంటబడేవాడు. ఒరిక్స్ రాత్రిపూట పదుల కిలోమీటర్లు నడిచేస్తుంది, తొందరపడితే ఒంటె నీరసిస్తుంది తప్ప దూరం తగ్గదు.

దగ్గరికి చేరాక అసలు కష్టం మొదలయ్యేది. మైదానం మీద మోకాలెత్తు పొద కూడా అరుదు. గాలికి ఎదురుగా, మధ్యాహ్నం అది నీడలో పడుకున్న వేళ, పొట్ట మీద పాక్కుంటూ పోవాలి. చేతిలో ఉన్నది వత్తి అంటించి పేల్చే పాత తుపాకీ. ఒక్క గుండు, దూరం పోదు, మళ్లీ మందు కూరేలోపు మంద కొండెక్కినట్టే. గాయపడి నిలబడ్డ ఒరిక్స్ తల దించి కొమ్ములు ముందుకు పెడుతుంది. కుందేళ్లనూ చిన్న జింకలనూ తరిమి పట్టే సలూకీ వేటకుక్కలు దాని ముందుకు పోతే పేగులు బయటపడేవి. ఇంత చేసి ఒక్కదాన్ని పడగొట్టినవాడికి తెగలో పేరు వచ్చేది. మాంసం గుడారాలన్నిటికీ పంచేవాళ్లు, తోలు తిత్తులకూ పట్టీలకూ పోయేది.

ఇందులో కరుణ ఉందని ఎవరూ అనరు. ఆకలిగొన్న మనిషి అవకాశం దొరికితే వదలడు, వేటకు హద్దులు పెట్టిందీ ఆ మనిషి కాదు. నీళ్లు పెట్టాయి, దూరం పెట్టింది, ఒంటె ఓపిక పెట్టింది. 1930 చివర్లో సలాలా నుంచి బయల్దేరిన బెర్ట్రమ్ థామస్ ‘ఖాళీ పాతిక’గా పేరుపడ్డ రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద దాటి 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. అలా దాటిన మొదటి యూరోపియన్ అతనే. ఆ కాలానికి ఆ ఇసుకలోకి చక్రం వెళ్లలేదు.

తర్వాత చక్రం వెళ్లింది. 1933లో సౌదీలో చమురు వెతకడానికి అమెరికన్ కంపెనీకి అనుమతి దొరికింది. ఇసుకలో కూరుకుపోని వెడల్పాటి టైర్లు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిగిలిన జీపులు, ట్రక్కులు, వరసగా పేలే తుపాకులు ఆ ప్రాంతమంతా పరుచుకున్నాయి. చమురు డబ్బు చేతికొచ్చిన పెద్దల వేట బృందాలు పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ వాహనాలతో ఎడారిలోకి దిగాయి. వెనకాల నీళ్ల ట్యాంకర్లు, పెట్రోలు పీపాలు, వంటవాళ్లు. నీళ్ల లెక్క ఆ రోజుతో తీరిపోయింది.

బల్లపరుపు మైదానం, దాని మీద తెల్లటి జంతువు. ఒంటె మీద వచ్చేవాణ్ణి మైళ్ల దూరం నుంచి కనిపెట్టి తప్పుకోవడానికి పనికొచ్చిన ఆ బయలే, కారు రాగానే దాచుకోవడానికి చోటు లేని బోను అయింది. ఒరిక్స్ దూరాలు నడవగలదు గానీ చిన్న జింకలా వేగంగా పరుగెత్తలేదు. కాసేపు ఉరికి రొప్పుతూ నిలబడిపోతుంది, కారు నిలబడదు. ఉత్తరాన నఫూద్ ఇసుక ఎడారిలో బతికిన ఒరిక్స్‌లు 1950ల నాటికి తుడిచిపెట్టుకుపోయాయి. దక్షిణాన ఒమాన్, యెమెన్‌లోని హద్రమౌత్ లోపలి భాగాల్లో మాత్రమే కొన్ని మిగిలాయి. ఆ 1950ల చివర్లోనే చమురు కోసం వచ్చినవాళ్లు హైమాలో బావి తవ్వారు. జిద్దత్ మీద అది మొదటి నీటి వసతి. హరాసిస్ ఆడవాళ్లకు అదెంత మేలు చేసిందో చెప్పనక్కర్లేదు. అదే దారి వెంట వేటకార్లకూ ఊపిరి దొరికింది.

మన దేశంలోనూ సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇదే జరిగింది. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానపు రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ బండి దీపాల వెలుగులో మూడు చీతాలను ఒక్కచోటే కాల్చాడు. ఈ దేశపు సొంత చీతాల్లో కచ్చితంగా నమోదైన చివరివి అవే. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. గడ్డి మైదానాల్లో తిరిగే బట్టమేక పిట్టను జీపుల మీద తరిమి కాల్చిందీ ఆ రోజుల్లోనే. తర్వాత కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో ఆ పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టినా అది నిలదొక్కుకోలేదు. నడిచిపోయే వేటకు తట్టుకున్న జంతువులు ఇంజను ముందు ఒకటి రెండు దశాబ్దాలు కూడా ఆగలేదు. తుపాకీని తిట్టడం సులువే. అసలు నష్టం ఎక్కువగా చక్రం వల్లే జరిగిందని ఈ లెక్కలన్నీ చూశాక అనిపించక మానదు.

1962 నాటికి ఒరిక్స్‌లు పూర్తిగా పోతాయన్న భయం లండన్ దాకా పాకింది. అక్కడి ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ ఒక పట్టుదల పని తలకెత్తుకుంది. మిగిలినవాటిలో కొన్నింటిని ప్రాణాలతో పట్టి, వేరేచోట పెంచి, ఎప్పుడో కాలం బాగుపడినప్పుడు తిరిగి వదలాలని. దానికి ‘ఆపరేషన్ ఒరిక్స్’ అని పేరు పెట్టారు. నాయకుడు కెన్యాలో అడవి జంతువుల రక్షణ అధికారి మేజర్ ఇయాన్ గ్రిమ్‌వుడ్. చోటు అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న తూర్పు ఏడెన్ ప్రాంతం, అంటే హద్రమౌత్ వెనక ఎడారి. హైదరాబాద్‌లో బార్కస్ పేటకు పేరు తెచ్చిన అరబ్బుల పూర్వీకులు నిజాం కొలువుకు బయల్దేరి వచ్చిన దేశమది.

ఏప్రిల్, మే నెలల ఎండలో గ్రిమ్‌వుడ్ బృందం వారాల తరబడి జాడలు వెతికింది. పైన చిన్న విమానం, కింద స్థానిక బదూ జాడగాళ్లు. వాళ్ల కంటే ముందే వేటకార్లు ఆ ప్రాంతాన్ని ఊడ్చేసి వెళ్లాయి. చివరికి చిక్కినవి నాలుగే: మూడు మగవి, ఒక ఆడది. పట్టడం కూడా కారుతోనే. పక్కపక్కనే పరుగెత్తించి, పొడుగు కర్రకు కట్టిన ఉచ్చు మెడలో వేసి, దూకి పట్టుకోవాలి. ఆ పట్టులో ఒక మగది చచ్చిపోయింది. దాని కాల్లో పాత తూటా దాగి ఉందని తర్వాత తేలింది. తప్పించుకుని బతికినవి కూడా వేట గుర్తు మోస్తూనే తిరిగాయన్నమాట.

మిగిలిన మూడింటినీ కెన్యాలో కొన్నాళ్లుంచి 1963లో అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలకు చేర్చారు. అరిజోనా ఎండా పొడీ అరేబియాకు దగ్గరగా ఉంటాయని ఆ ఊరిని ఎంచుకున్నారు. ఖర్చుకు చేయి కలిపినవాళ్లలో షికార్ సఫారీ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం ఒకటి. మన షికారు మాటే వాళ్ల పేరులో ఉంది. లండన్ జంతుశాల ఒక ఆడదాన్ని ఇచ్చింది, కువైట్ నుంచి ఒకటి వచ్చింది, సౌదీ రాజు సౌద్ తన తోటలో పెంచుకుంటున్నవాటిలో నాలుగింటిని పంపాడు. మొత్తం తొమ్మిది. ఆ చిన్న గుంపుకు ‘ప్రపంచ మంద’ అని పేరు పెట్టారు. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదటి దూడ పుట్టింది.

అవతల ఎడారిలో వేట ఆగలేదు. 1972 అక్టోబర్‌లో జిద్దత్ అల్ హరాసిస్ మీద మిగిలిన చివరి చిన్న మందను వాహనాల మీద వచ్చినవాళ్లు చంపగలిగినవాటిని చంపి, పట్టగలిగినవాటిని పట్టుకుపోయారు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడా స్వేచ్ఛగా తిరిగే అరేబియన్ ఒరిక్స్ కనిపించలేదు.

ఒమాన్ సుల్తాన్ ఖబూస్ దాన్ని తిరిగి తన నేల మీద చూడాలనుకున్నాడు. 1980లో అమెరికాలో పుట్టి పెరిగిన ఒరిక్స్‌లను జిద్దత్ మీద జాలూనీ అనే చోటికి తెచ్చారు. నేరుగా వదల్లేదు. ముందు చిన్న దొడ్లలో, ఆ తర్వాత ఒక చదరపు కిలోమీటరు కంచెలో ఉంచి, ఒకరినొకరు గుర్తుపట్టే మందగా కుదిరాక, 1982 జనవరి 31న గేటు తీశారు. పది జంతువులు బయటికి నడిచాయి. పదేళ్ల ముందు ఖాళీ అయిన మైదానం మీద మళ్లీ వెడల్పాటి గిట్టల జాడ పడింది.

వాటిని కాచే పని ప్రభుత్వం హరాసిస్ తెగవాళ్లకే అప్పగించింది. ఈ కథలో అన్నింటికంటే తెలివైన నిర్ణయం అదేనని చెప్పాలి. పనికి తండ్రులూ తాతలూ నేర్పిన జాడ విద్యే పెట్టుబడి. తెల్లవారుజామున రేంజరు పికప్ దిగి నడుస్తాడు. రాత్రి మంద ఎటు పోయిందో, ఎన్నున్నాయో జాడ చూసి చెబుతాడు. గుంపు నుంచి విడిపోయి ఒంటరిగా తిరుగుతున్న ఆడదాని జాడ కనిపిస్తే ఈనే రోజులు దగ్గరపడ్డాయని అనుమానిస్తాడు. ఒరిక్స్ దూడను పొద కింద దాచి రోజుకు కొన్నిసార్లే వచ్చి పాలిస్తుంది కాబట్టి దగ్గరికి పోడు, దూరదర్శినితోనే చూస్తాడు. రాసుకోవడానికి పుస్తకం, చెప్పడానికి వైర్‌లెస్ సెట్టు వచ్చాయి గానీ చూసే కన్ను పాతదే. చంపడానికి పుట్టిన విద్య లెక్క పెట్టడానికి పనికొచ్చింది, జీతమూ తెచ్చింది. ఆ పని మొదలైన తీరును, ఎదురైన చిక్కులను అక్కడే ఉండి నడిపించిన మార్క్ స్టాన్లీ ప్రైస్ 1989లో పుస్తకంగా రాశాడు.

1990ల మధ్యకల్లా సంఖ్య 400 దాటింది. 1994లో యునెస్కో ఆ మైదానాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అప్పటి రక్షిత ప్రాంతం 27,500 చదరపు కిలోమీటర్లు.

1996లో రెండో దెబ్బ పడింది, ఈసారి తూటా రూపంలో కాదు. సరిహద్దు అవతల సొంత తోటల్లో ఒరిక్స్‌లను పెంచుకోవాలన్న ధనికుల సరదాకు మంచి ధర పలికింది. దొంగలు కార్లలో వచ్చి ప్రాణాలతోనే ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. పిల్లలు పుట్టించేవి కాబట్టి ఆడవాటికీ, సులువుగా చిక్కుతాయి కాబట్టి దూడలకూ గిరాకీ. తరుములాటలో వేడెక్కి, ట్రక్కుల్లో కట్లు బిగిసి దారిలోనే చచ్చినవి ఎన్నో. మైదానంలో మగవే ఎక్కువ మిగిలాయి. చేసేది లేక కాపలాదారులే కొన్నింటిని పట్టి తిరిగి దొడ్లలో పెట్టాల్సి వచ్చింది. ఒకప్పుడు ఏ గేటు తీసి వదిలారో ఆ గేటు వెనక్కే వాటిని నడిపించడం ఆ రేంజర్లకు ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

2007 నాటికి లెక్క 65కు పడిపోయింది, ఈనగల జంటలు నాలుగేనని తేల్చారు. ఆ ఏడాదే రక్షిత ప్రాంతాన్ని ఒమాన్ ప్రభుత్వం చమురు వెతుకులాట కోసం తొంభై శాతం తగ్గించేసింది. యునెస్కో ఆ స్థలాన్ని జాబితా నుంచి తీసేసింది. జాబితా మొదలైనప్పటి నుంచి అలా కొట్టివేతకు గురైన మొట్టమొదటి చోటు అది. ఒకప్పుడు చమురు డబ్బుతో కొన్న కార్లు ఒరిక్స్‌ను చంపాయి, ఈసారి చమురు కోసం దాని నేలే పోయింది.

జంతువు మాత్రం పోలేదు. అప్పటికే సౌదీ, యూఏఈ, జోర్డాన్, ఇజ్రాయెల్ దేశాలు కూడా వదలడం మొదలుపెట్టాయి. సౌదీ 1990లో మహాజత్ అస్ సయ్ద్‌లో కంచె వేసిన విశాల భూమిలో వదిలింది. 1995లో రుబ్ అల్ ఖాలీ పడమటి అంచున ఉరూఖ్ బనీ మఆరిద్‌లో కంచె లేకుండానే వదిలింది. 2011లో, స్వేచ్ఛగా తిరిగేవి వెయ్యి దాటాయన్న లెక్కతో, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఒరిక్స్‌ను ప్రమాదపు మెట్లలో ఒక మెట్టు కిందికి దించింది. అడవిలో పూర్తిగా అంతరించిపోయి, అంత మెరుగైన స్థితికి తిరిగొచ్చిన జాతి అంతకు ముందు లేదు. ఉరూఖ్ బనీ మఆరిద్ 2023లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. జిద్దత్ పోగొట్టుకున్న గౌరవం పొరుగు దేశపు ఇసుక తిన్నెలకు దక్కింది.

కంచె చేసే మేలుకూ హద్దుంది. మహాజత్‌లో కరువొచ్చిన ఏళ్లలో ఒరిక్స్‌లు వందల కొద్దీ చచ్చాయి. వాన ఎక్కడ పడితే అక్కడికి నడిచిపోవడమే వాటి బతుకు తెరువు. కంచె దగ్గర ఆ నడక ఆగిపోతుంది. కంచె తీస్తే కారు వస్తుంది. ఆ దేశాల అధికారులు ముప్పై ఏళ్లుగా ఈ రెంటి మధ్యే నలుగుతున్నారు.

జాలూనీలో ఇప్పుడు వందల ఒరిక్స్‌లు కాపలాలో ఉన్నాయి. సలాలా రోడ్డు మీద సరుకు లారీలు తోలే డ్రైవర్లకు హైమా దాటాక రెండు పక్కలా ఏమీ లేని బయలే కనిపిస్తుంది. ఆ బయలు లోపల, రోడ్డుకు చాలా దూరంగా, హరాసిస్ రేంజర్ల పికప్‌లు తెల్లవారుజామున కంచె వెంట నెమ్మదిగా కదులుతుంటాయి. లోపలి జాడలు చూశాక వాళ్లు బండి దిగి కంచెకు బయటి వైపు ఇసుక చూస్తారు, రాత్రి కొత్త టైరు గుర్తులేమైనా పడ్డాయేమోనని.